మంచి రోజునే జాగ్రత్త: ఐసీయూ నుంచి వచ్చాక ఓపిక కూడగట్టుకున్న ఒక కేసు

నేను ఫిజియోథెరపిస్టుని. పెద్ద జబ్బు తగ్గి ఇంటికొచ్చి, "ఇంక బాగైపోయినట్టే కదా" అని అందరూ అంటుండగా మంచం మీంచి లేవడానికే అవస్థ పడేవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. వాళ్లలో ఒకరి కేసు ఇది. పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. జబ్బు అరుదైనదేమీ కాదు, చేయించిన వ్యాయామాలు కూడా ఎవరైనా చేయించేవే. కానీ ఈ కేసులో నా సమయం ఎక్కువగా వ్యాయామం చేసే ఆ అరగంట మీద కాకుండా, ఆవిడ మిగతా రోజంతా ఎలా గడుపుతున్నారన్న దాని మీద పోయింది. ఫలితం తేలింది కూడా అక్కడే అని నా అభిప్రాయం.

వచ్చినప్పటి పరిస్థితి

ఆవిడకి 54 ఏళ్లు, హైస్కూల్ టీచరు. అంతకుముందు బీపీ, షుగర్ ఏవీ లేవు. తీవ్రమైన న్యుమోనియా వచ్చి సెప్సిస్‌కి, అంటే ఇన్ఫెక్షన్ దెబ్బకి అవయవాలే పాడయ్యే స్థితికి, దారితీసింది. 9 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఐసీయూ, వార్డు కలిపి దాదాపు నెల రోజులు ఆసుపత్రిలోనే. డిశ్చార్జి అయిన మూడు వారాలకు భర్తతో కలిసి వచ్చారు. బరువు 61 కిలోల నుంచి 53కి పడిపోయింది. ఎక్స్‌రే దాదాపు క్లియర్, ఇన్ఫెక్షన్ పరీక్షలు నార్మల్.

"రిపోర్టులన్నీ బాగున్నాయంటున్నారు మేడమ్. మరి తల దువ్వుకుంటే పది నిమిషాలు పడుకోవాల్సొస్తోంది ఎందుకు?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న.

నీరసంగా ఉందని వచ్చే ప్రతి ఒక్కరినీ నేను అడిగేది ఒకటుంది: పని మధ్యలో ముందుగా ఆగిపోయేది ఏది? కాళ్లా, ఊపిరా, బుర్రా? కాళ్లు వణికి ఆగిపోతే కండబలం సమస్య. ఊపిరి అందక ఆగితే ఊపిరితిత్తుల వైపో, గుండె వైపో, రక్తం వైపో చూడాలి. కాళ్లూ ఊపిరీ బాగానే ఉన్నా తల మొద్దుబారి, మాటలు తట్టక కూలబడితే అది మరో రకం అలసట. దానికి నిద్ర, మనసు, మందులు అన్నీ కారణమవుతాయి. ఈవిడకి మెట్ల దగ్గర కాళ్లు, తల దువ్వుకునేటప్పుడు ఊపిరి, సాయంత్రం నలుగురు మాట్లాడుతుంటే బుర్ర. మూడూ ఉన్నాయి. ఐసీయూ నుంచి వచ్చినవాళ్లలో ఇది మామూలే. శరీరం, జ్ఞాపకశక్తి, మనసు మూడింటి మీదా మిగిలిపోయే ఈ ఇబ్బందులన్నిటినీ కలిపి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అంటున్నారు. ఆ పేరు వచ్చి పదిహేనేళ్లే అయింది కాబట్టి, చాలామంది రోగులకు తమకున్నదానికి ఒక పేరుందని కూడా తెలియదు.

కండ ఎంత త్వరగా కరిగిపోతుందో చెబితే ఇంట్లోవాళ్లు నమ్మరు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో ఐసీయూ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలుస్తూ వచ్చారు. పది రోజుల్లో దాని అడ్డుకోత వైశాల్యం, అంటే అడ్డంగా కోస్తే కనిపించే కండ, సగటున 18 శాతం దాకా తగ్గింది. ఒకటికి మించి అవయవాలు దెబ్బతిన్నవాళ్లలో ఇంకా ఎక్కువ.

కుర్చీలోంచి లేపే ముందు

ఓపిక లేదని వచ్చినవాళ్లకి నేరుగా వ్యాయామం మొదలుపెట్టడం నాకు నచ్చదు. మందులతో సరయ్యేదాన్ని చెమటోడ్చి సరిచేయాలని చూస్తే రోగికి నష్టం, మనకి చెడ్డపేరు. అందుకే ఆవిడ ఫిజీషియన్‌తో మాట్లాడి రక్తం, థైరాయిడ్, బీ12, విటమిన్ డీ, కిడ్నీ పరీక్షలు చూశాం. హీమోగ్లోబిన్ 9.6 ఉంది, అంటే రక్తం తక్కువ. దాని కారణం చూసి మందు మొదలుపెట్టారు.

అంతకన్నా పనికొచ్చిన సంగతి మందుల చీటీలో దొరికింది. ఐసీయూలో ఉండగా గుండె లయ తప్పిందని మెటోప్రొలాల్ మొదలుపెట్టారు. లయ కుదుటపడినా ఆ మాత్ర మాత్రం చీటీలోంచి చీటీలోకి ఎక్కుతూనే వచ్చింది. ఇది గుండె వేగాన్ని అదుపులో పెట్టే మందు. పని చేసేటప్పుడు నాడి పెరగాల్సినంత పెరగనివ్వదు, కొందరికి నీరసం కూడా తెస్తుంది. అలాగని ఒక్కసారిగా ఆపేయకూడదు. ఫిజీషియన్ ఈసీజీ మళ్లీ తీయించి, డోసు మెల్లగా తగ్గిస్తూ కొన్ని వారాల్లో మానిపించారు. అప్పటిదాకా నాడి లెక్క చూసి వ్యాయామం నడపడం కుదరదు. కాబట్టి శ్రమని ఆవిడ చెప్పే అంకెతోనే కొలిచాం. అందుకు వాడింది బోర్గ్ స్కేలు: 0 అంటే ఏ శ్రమా లేదు, 10 అంటే ఇక నా వల్ల కాదు. 3 నుంచి 4 మధ్యే ఉండాలని మా ఒప్పందం. పని చేస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి అన్నది రెండో గుర్తు.

పడుకుని ఉన్నప్పుడు బీపీ 118/76, నిలబడ్డాక 104/70. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితేనే జబ్బు కింద లెక్క. ఈవిడకి అంత పడలేదు గానీ కళ్లు తిరిగినట్టయింది. లేచే ముందు మంచం అంచున కాసేపు కూర్చుని పాదాలు ఆడించమన్నాను.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, విశ్రాంతిలో కూడా ఆయాసం, మళ్లీ జ్వరం. వీటిలో ఏది కనిపించినా వ్యాయామం మాట పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలని ఒక కాగితం మీద రాసి భర్త చేతికిచ్చాను.

ఇక కొలతలు. ఆరు నిమిషాల నడక పరీక్షలో మధ్యలో రెండుసార్లు ఆగి 210 మీటర్లు నడిచారు. రక్తంలో ఆక్సిజన్ 96 శాతం నుంచి 92కి దిగి, కూర్చోగానే మళ్లీ ఎక్కింది. కుడిచేతి పట్టు 13 కిలోలు. మహిళల్లో 16 కన్నా తక్కువ ఉంటే బలహీనత కింద లెక్కేస్తారు. మంచం పక్కన కండబలం చూసే ఎమ్ఆర్‌సీ పరీక్షలో మాత్రం 60కి 50 వచ్చాయి. ఐసీయూ వల్ల వచ్చిన బలహీనత అనడానికి 48 కన్నా తగ్గాలి, అంటే ఆ లెక్కన ఈవిడ గట్టెక్కినట్టే. కానీ అదే మనిషిని కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవమంటే ఒక్కసారి కూడా లేవలేకపోయారు. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టే ఆ పరీక్షలో చేతులు ఆనిస్తే రూలు ప్రకారం స్కోరు సున్నా. నా చెయ్యి ఎదురొత్తితే కాసేపు నిలబెట్టగలగడం వేరు, సొంత బరువుని పదే పదే ఎత్తడం వేరు. ఇంట్లో కావలసింది రెండోది. అందుకే కుర్చీ పరీక్షకి నేనిచ్చే విలువ ఎక్కువ.

తల దువ్వుకోవడంలో ఏముంది

ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు కావాలంటే చూడాల్సిందే. దువ్వెన ఇచ్చి, అద్దం ముందు నిలబడి రోజూ ఎలా దువ్వుకుంటారో అలాగే చేయమన్నాను. రెండు చేతులూ తలపైకి లేపారు. మొదటి పాయ దగ్గరే ఊపిరి బిగబట్టారు. మెడ పక్క నరాలు తేలాయి. భుజాలు చెవుల దాకా వచ్చాయి. చిక్కు తగిలిన చోట పెదాలు బిగించి లాగి, చెయ్యి దించాక గబగబా నాలుగైదు సార్లు ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ చేతులు పైకి. నిమిషంన్నరకి శ్రమ అంకె 7 చెప్పారు. వరండాలో నడిచినప్పుడు అది 4 మాత్రమే.

కారణం ఇది. బలహీనంగా ఉన్నప్పుడు మెడ, భుజం, ఛాతీ పైభాగం కండరాలు కూడా ఊపిరికి సాయం పడుతుంటాయి. చేతులు గాల్లోకి లేపగానే ఆ కండరాలు చేతుల్ని మోసే పనిలో పడతాయి. దానికి తోడు ఊపిరి బిగబడితే అడగాలా? ఒళ్లు రుద్దుకోవడం, తాడు మీద బట్టలు ఆరేయడం, పై అరలోంచి డబ్బా తీయడం అన్నీ ఈ జాతివే. నడక కన్నా ఇవే ఎక్కువ అలసట తెస్తాయని రోగులు చెబితే ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. అందులో వింతేమీ లేదు.

మార్చింది చాలా కొంచెం. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి బల్ల మీద ఆనించి, తలని కాస్త చేతి వైపు వంచి, ఒక్కో చేత్తో దువ్వుకోవడం. దువ్వెన లాగేటప్పుడు ఊపిరి వదలడం. అంకె 7 నుంచి 3కి వచ్చింది, అదే రోజు. బలం ఒక్క గ్రాము పెరగలేదు, ఖర్చు తగ్గిందంతే. స్నానం స్టూలు మీద కూర్చుని చేయడం, కూరగాయలు కూర్చుని తరగడం, మేడ మీదికి రోజుకి ఒక్కసారే వెళ్లేలా సామాన్లు సర్దుకోవడం కూడా ఇదే లెక్కలో చేశాం. కుర్చీలోంచి లేవడానికి కూడా అదే సూత్రం: లేస్తూ ఊపిరి వదలాలి.

నడక కన్నా ముందు బలం

కోలుకునేవాళ్లకి అందరూ ఇచ్చే సలహా "రోజూ కాస్త నడవండి". తప్పు కాదు గానీ, కుర్చీలోంచి లేవలేని మనిషికి అది మొదటి మందు కాదని నేననుకుంటాను. లేచిన ప్రతిసారీ ఆవిడ తొడలు ఉన్న బలమంతా పెట్టాల్సొస్తోంది. మనం తెలియకుండా చేసే పని ఆవిడకి బరువులెత్తే పోటీ. రోజుకి ఎన్నిసార్లు లేస్తామో లెక్కపెట్టుకుంటే, నడక మొదలుకాక ముందే ఓపిక ఎక్కడికి పోతోందో అర్థమవుతుంది. తొడల్లో బలం పెరిగితే అదే లేవడానికి సగం బలం చాలుతుంది. మిగిలిందే ఓపిక.

కాబట్టి గట్టి దిండ్లు వేసి కుర్చీ ఎత్తు పెంచాం. చేతులు వాడకుండా లేవగలిగినంత ఎత్తు. ఐదుసార్లు లేచి కూర్చోవడం, రెండు నిమిషాలు ఆగడం, మళ్లీ ఐదు. రోజు విడిచి రోజు. శ్రమ అంకె 3కి దిగినప్పుడల్లా ఒక దిండు తీసేయడం. దానితోపాటు గట్టు పట్టుకుని మడమలు లేపడం, గోడకి చేతులు ఆనించి తోయడం, రబ్బరు బ్యాండు లాగడం. నడక మాత్రం సమతలం మీద నాలుగేసి నిమిషాలు, రోజుకి మూడుసార్లు. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడ్నుంచి వచ్చాయంటే, బాగా లేని రోజున కూడా ఆవిడ చేయగలిగింది అంతే.

కండ కట్టాలంటే ప్రొటీన్ ఉండాలి. జబ్బుపడి లేచినవాళ్లకి, ముఖ్యంగా వయసు పైబడుతున్నవాళ్లకి, కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు సాధారణంగా సూచిస్తారు. 53 కిలోల మనిషికి 64 నుంచి 80 గ్రాములు. ఆవిడ తింటున్నది అందులో సగం కూడా లేదు. కిడ్నీలు బాగున్నాయని చూసుకున్నాకే డైటీషియన్ దాన్ని పెంచి, మూడు పూటలకీ సర్దారు.

డైరీ, ఆరో వారం

ఒక నోటుబుక్కు పెట్టించాను. పని, చేసేటప్పటి శ్రమ అంకె, ఆ పక్కన మర్నాడు పొద్దున లేవగానే ఒంట్లో ఎలా ఉందో 10కి మార్కులు. నేను ముందు చూసేది ఆ చివరి గడి. నడుస్తున్నప్పుడు ఎవరైనా బాగానే ఉన్నామంటారు, అసలు లెక్క పొద్దున తేలుతుంది. మూడు నాలుగు పొద్దుటి మార్కులు నిలకడగా ఉంటే ఏదో ఒక్కదాన్నే కొంచెం పెంచాలి: నడకకి ఒక నిమిషమో, లేచి కూర్చోవడం రెండుసార్లో. మార్కులు రెండు పడితే ఆ రోజు పనిలో మూడో వంతు కోత. రెండూ ఒకేసారి పెంచితే దేని వల్ల పడ్డారో తెలియదు.

ఐదు వారాలు సాఫీగా నడిచింది. ఆరో వారంలో ఒక రోజు ఆవిడకి ఒంట్లో చాలా హుషారుగా అనిపించింది. భర్త ఇంట్లో లేరు. పుస్తకాల బీరువా మొత్తం దించి, తుడిచి, మళ్లీ సర్దారు. తర్వాత చెల్లెలితో గంట సేపు ఫోన్లో మాట్లాడారు. మర్నాడు బాగానే ఉన్నారు. ఆ మర్నాడు మంచం దిగలేకపోయారు. "మళ్లీ మొదటికొచ్చాను మేడమ్" అని ఏడ్చారు.

ముందు జ్వరం, ఆక్సిజన్, పిక్కలు, నాడి చూశాం. ఏమీ లేదు. ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. చిన్న శ్రమకే ఒకటి రెండు రోజుల తర్వాత కుప్పకూలి, రోజులు, వారాల పాటు లేవలేకపోతే అది వేరే సమస్య. కొన్ని వైరస్ జబ్బుల తర్వాత, ఎంఈ/సీఎఫ్ఎస్ అనే దీర్ఘకాలిక అలసట జబ్బు ఉన్నవాళ్లలో అది కనిపిస్తుంది. అలాంటివాళ్లకి వారం వారం వ్యాయామం పెంచుకుంటూ పోవడం హాని చేయవచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ జబ్బుకి అలా గడువు ప్రకారం పెంచే వ్యాయామ పద్ధతి ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పింది. ఈవిడ విషయంలో చేసిన పని చిన్నది కాదు: చేతులు తలపైకి లేపి రెండు గంటల పని. దానికి తగ్గట్టే దెబ్బ తగిలింది. మూడు రోజులు రెండు వారాల కిందటి స్థాయికి దించాం. వారం తిరిగేసరికి పాత స్థాయికి వచ్చేశారు. అప్పుడే మళ్లీ మెల్లగా పెంచడానికి ధైర్యం చేశాను.

నా అనుభవంలో కోలుకునేవాళ్లని పడేసేది చెడ్డ రోజు కాదు. చెడ్డ రోజున ఎలాగూ పడుకుంటారు. నెల రోజుల బాకీలన్నీ ఒకేసారి తీర్చేద్దామనిపించే మంచి రోజు ఉంటుంది చూడండి, దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. ఆవిడకి ఇది మింగుడుపడలేదు. "బాగున్న రోజున కూడా కూర్చోమంటే ఎలాగండీ? అలాగైతే బాగవ్వడం దేనికి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. చివరికి రాజీ కుదిరింది: మంచి రోజున ప్లాన్‌లో ఉన్నది చేశాక ఒక్కటంటే ఒక్క అదనపు పని, అదీ మధ్యాహ్నం లోపు, వీలైతే కూర్చుని. ఏ పని అన్నది ఆవిడ ఇష్టం. అది డైరీలో ఎర్ర ఇంకుతో రాయాలి.

భర్త సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనిచ్చేవారు కాదు. ప్రేమే, కాదనను. ఆయనకి 1966లో అమెరికాలోని డల్లాస్‌లో జరిగిన ప్రయోగం చెప్పాను. ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ శక్తి పావు వంతుకు పైగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని మళ్లీ పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం ఆ మూడు వారాల మంచం చేసినదాని కన్నా తక్కువే. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ వారం నుంచి గ్లాసు విషయంలో పట్టుబట్టడం మానేశారు.

రాత్రుళ్లు ఐసీయూ కలలు వచ్చి ఉలిక్కిపడి లేస్తున్నారని నాకు మూడో వారంలో గానీ చెప్పలేదు. కౌన్సెలర్ దగ్గరికి పంపాను. నిద్ర కుదురుకున్నాక పొద్దుటి మార్కులు ఒకటిన్నర మేర పెరిగాయి. ఏ వ్యాయామమూ అంత త్వరగా పెంచలేదు.

బడికి వెళ్లడం

పాఠం చెప్పడం అంటే నిలబడటం, గొంతు పెంచడం, బోర్డు మీద చెయ్యెత్తి రాయడం. మూడు ఖర్చులూ ఒకేసారి. పైగా వెంటిలేటర్ గొట్టం వేసి తీసినప్పటి నుంచి గొంతు బొంగురుగానే ఉంది. ఈఎన్‌టీ డాక్టర్ స్వరపేటిక చూసి పెద్ద సమస్య లేదన్నారు, స్పీచ్ థెరపిస్టు గొంతు మీద భారం పడకుండా మాట్లాడటం నేర్పారు. మేం ఇంట్లోనే రిహార్సల్ పెట్టాం. మొదట కూర్చుని పది నిమిషాల పాఠం, భర్తే విద్యార్థి. తర్వాత నిలబడి. ఆ తర్వాత బోర్డు మీద రాస్తూ, కానీ రాసేటప్పుడు మాట్లాడకుండా. ఈ చివరిది టీచర్లకి చాలా కష్టం. రాస్తూ మాట్లాడటం వాళ్లకి ఊపిరి పీల్చుకున్నంత అలవాటు.

పన్నెండో వారం చివర మళ్లీ కొలిచాం. ఆరు నిమిషాల నడక ఆగకుండా 385 మీటర్లు. ఈ పరీక్షలో దాదాపు 30 మీటర్ల తేడా వస్తేనే రోగికి తెలిసేంత మెరుగంటారు కాబట్టి ఇది మంచి పెరుగుదలే. ఆక్సిజన్ 95 కన్నా దిగలేదు. చేతులు ఆనించకుండా 30 సెకన్లలో 10 సార్లు లేచారు. అరవై దాటిన మహిళలకే 12 కన్నా తగ్గితే తక్కువంటారు గనక ఇంకా వెనకబడే ఉన్నారు. చేతి పట్టు 19 కిలోలు. హీమోగ్లోబిన్ 11.8. బరువు 57. ఈ మెరుగంతా వ్యాయామం చలవే అనడానికి లేదు. రక్తం పెరిగింది, మెటోప్రొలాల్ ఆగింది, నిద్ర పట్టింది, కాలం కూడా తన పని తాను చేసింది. దేని వాటా ఎంతో ఒక్క కేసు చూసి విడదీయలేం.

పద్నాలుగో వారం నుంచి పూటబడికి, అంటే రోజుకి రెండు పీరియడ్లు, మధ్యలో ఒకటి ఖాళీ. స్కూల్లో అడగడానికి ఆవిడ మొహమాటపడ్డారు గానీ, ఫిజీషియన్ ఉత్తరం రాసిచ్చాక టైమ్‌టేబుల్ మార్చారు. ఆరు నెలలకి నాలుగు పీరియడ్లు చెబుతున్నారు, అందులో ఒకటి కూర్చునే. సాయంత్రం నలుగురున్న గదిలో బుర్ర మొద్దుబారడం తగ్గింది కానీ పోలేదు. ఒకే కూర్చున్నంతలో పరీక్ష పేపర్లు దిద్దలేకపోతున్నారు, పదేసి చొప్పున విడగొట్టుకుంటున్నారు. వ్యాయామం వారానికి మూడు రోజులు తనంతట తనే చేసుకుంటున్నారు. డైరీ మానేస్తానంటే సరేనన్నాను, మళ్లీ రెండు రోజులు వరసగా పొద్దున లేవబుద్ధి కాకపోతే మాత్రం తిరిగి మొదలుపెట్టమన్నాను. ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష వచ్చే నెలలో ఉంది. అందులో వచ్చేదాన్ని బట్టి మెట్ల వ్యాయామం పెంచాలా వద్దా తేలుస్తాం.